ఎవరికి అని అడిగినందుకు

కోపంగా ఉన్నప్పుడు కలం పట్టుకోవద్దని నా విద్యార్థులకు ఏళ్ల తరబడి చెప్పాను. ఇవాళ ఆ మాట నేనే పక్కన పెడుతున్నాను. చల్లారాక రాద్దామని నెల రోజులు ఆగాను. చల్లారలేదు. సోమాజిగూడలో ఒక ఆసుపత్రి మూడో అంతస్తులో, గాజు తలుపు వెనక ఒక చిన్న గదిలో, మా తమ్ముడు మల్లేశాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తెల్లకోటు వేసుకున్న ఒకమ్మాయి మూడు మాటలు చెప్పింది. గొడుగు, నది, మేకు. ఇవి గుర్తుపెట్టుకోండి అంకుల్, కాసేపాగి అడుగుతాను అంది. మల్లేశం ఆమె మొహంలోకి శ్రద్ధగా చూసి, "ఎవరికి మేడం?" అన్నాడు.

"ఎవరికీ కాదు అంకుల్. ఊరికే గుర్తుపెట్టుకోవాలి."

"గదే, గొడుగు ఎవరడిగిండ్రు?"

ఆ అమ్మాయి కాగితం మీద ఏదో రాసుకుంది. వెనక కూర్చున్న నాకు ఆ రాత కనిపించింది. ప్రశ్నను అర్థం చేసుకోలేకపోతున్నారు అని ఇంగ్లీషులో రాసింది. తర్వాత తేదీ అడిగింది. మంగళవారం అన్నాడు మల్లేశం. రేపు హాస్టల్ పిల్లలకు ఏదో పరీక్ష ఉందని, ఇవాళ అందరూ తొందరగా టిఫినుకు వస్తారని, తను ఆరింటికల్లా అక్కడ ఉండాలని కూడా చెప్పాడు. తేదీ తప్పు అని గీత పడింది. నూరులోంచి ఏడు, మిగిలినదాంట్లోంచి మళ్లీ ఏడు తీసుకుంటూ పొమ్మంది. ఒకసారి తీసి ఆగిపోయాడు. గడియారం బొమ్మ వెయ్యమంటే పెన్ను పట్టుకుని నావైపు తిరిగి చూశాడు. నాలుగో తరగతిలో బడి మానేసినవాడు పెన్ను పట్టుకునే తీరు వేరుగా ఉంటుంది. గుండ్రం గీయబోతే అది వంకర పోయింది. చివరికి ఆ మూడు మాటలూ చెప్పమంటే మేకు ఒక్కటే చెప్పాడు. అది కూడా ఎందుకంటే వాళ్ల హోటల్లో క్యాలెండరు మేకు ఊడిపోయిందట.

మల్లేశం నాకంటే రెండేళ్లు చిన్న. మధురానగర్ సందులో నాలుగు బల్లల టిఫిన్ సెంటరు నడుపుతాడు. పొద్దున, సాయంత్రం హాస్టళ్ల పిల్లలతో కిక్కిరిసి ఉంటుంది. వాడి దగ్గర చీటీ ఉండదు, పెన్సిలు ఉండదు. ఇరవై మంది కూర్చుంటే ఇరవై మందీ ఏం అడిగారో ఒక్కసారి విని, లోపల పొయ్యి దగ్గరున్న మనిషికి వరసగా పాడినట్టు చెప్పేస్తాడు. ఈమధ్య ఒకరోజు పొయ్యి కట్టేయకుండా బయటికి వెళ్లాడు. ఇంకొక రోజు అమీర్‌పేట మెట్రో మెట్ల కింద ఏ పక్కకు వెళ్లాలో తెలియక నిలబడిపోతే, రోజూ వచ్చే పిల్లవాడెవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. దాంతో వాడి కొడుకు శ్రీకాంత్ భయపడిపోయాడు. సెంటరు మూసేసి తండ్రిని కొంపల్లిలో తన ఫ్లాటుకు తీసుకుపోతానన్నాడు. మల్లేశం రానంటే రానన్నాడు. చివరికి శ్రీకాంత్ నా దగ్గరికొచ్చి, "అత్తా, డాక్టర్ ఏం చెప్తే అది చేద్దాం. నువ్వొస్తే నాయిన వస్తడు" అన్నాడు. అందుకని వెళ్లాను. సెంటరు ఉంటుందా పోతుందా అన్నది ఆ అమ్మాయి చేతిలోని కాగితం తేల్చాలి.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పకపోతే ఈ కోపం ఎవరి మీదో మీకు తెలియదు. నేను ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పాను. ప్రజ్ఞ అనే పాఠం ప్రతి ఏడూ చెప్పాను. నల్లబల్ల మీద ఎడమవైపు అవధానం, స్మృతి, భాష అని, కుడివైపు వివేచన, ప్రత్యక్షం, సమస్యా పరిష్కారం అని రాసి, మధ్యలో గీత గీసి, మనిషి తెలివి అంటే ఒకటే ముద్ద కాదమ్మా, ఇన్ని శక్తులు కలిసి పనిచేయడం అని చెప్పేదాన్ని. పిల్లలు రాసుకునేవాళ్లు. ఉదాహరణలు కూడా ఇచ్చేదాన్ని, అన్నీ పుస్తకంలోవే. ఆ కాలేజీకి రెండు సందుల అవతల మా తమ్ముడు ఆ ఆరింటినీ ఒకే చేత్తో నడుపుతూ దోసెలు వడ్డిస్తున్నాడు. ఒక్క ఏడాది కూడా నాకు వాడు ఉదాహరణగా తట్టలేదు.

ఆసుపత్రి గదిలో "ఎవరికి మేడం" అన్న మాట విన్నప్పుడు నా వీపు మీద ఎవరో చరిచినట్టయింది. ఎందుకంటే అలాంటి ప్రశ్నే వాడి నోట నేను అంతకుముందు ఒకసారి విన్నాను. అప్పుడు వాడికి ఎనిమిదేళ్లు, నాకు పదేళ్లు. అది చెప్పాలంటే ఎనిమిది వాటాల ఇంటి దగ్గర మొదలుపెట్టాలి.

అమీర్‌పేటలో అప్పుడు మేమున్నది ఒక పాత పెంకుటింట్లో. మధ్యలో బండలు పరిచిన వాకిలి, చుట్టూ ఎనిమిది కుటుంబాలు, అందరికీ కలిపి ఒకటే నల్లా. పొద్దున లేవగానే కిరోసిన్ స్టవ్వుల వాసన, తడి గోనెసంచుల వాసన, పక్కవాటాలో కోస్తా నుంచి వచ్చిన సుబ్బలక్ష్మిగారి ఫిల్టర్ కాఫీ వాసన కలిసి వచ్చేవి. మా నాయిన సర్కారు ఆఫీసులో అటెండరు. రోజంతా ఆఫీసర్ల ఫైళ్లు మోసి, వాళ్ల పిల్లల ర్యాంకుల కబుర్లు వినివచ్చేవాడు. తెలివి అన్నది ఆ గదుల్లో కూర్చున్నవాళ్ల దగ్గరే ఉంటుందని, మా ఇంటికి అది ఎక్కడినుంచో రావాలని ఆయన నమ్మకం. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని, చొక్కా మడిచి చాప చివర పెట్టి, మమ్మల్నిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టేవాడు. ఎక్కాలు అడిగేవాడు. రాజధానులు అడిగేవాడు. ఎవరు ముందు చెప్తే వాళ్లకు కంచం ముందు. ఇది మా ఇంట్లో రోజూ జరిగే తంతు. నేను పదమూడో ఎక్కం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి వేడి అన్నం తినేసేదాన్ని. మల్లేశం ఏడో ఎక్కం నడుమ ఎక్కడో ఆగి, నాయిన మొహం చూసి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకునేవాడు. వాడి వంతు వచ్చేసరికి అన్నం చల్లబడేది. అమ్మ మాత్రం వాడి కంచంలో అన్నం కింద ఉల్లికారం ముద్ద దాచి పెట్టేది. నాకు అది తెలుసు. నాయినకు చెప్తానని వాణ్ణి బెదిరించేదాన్ని.

ఆదివారం పొద్దున మాత్రం ఆ వాకిలి మొత్తం వాడిది. మూలమలుపులో పిండిగిర్ని ఉండేది. ఎనిమిది ఇళ్ల ఆడవాళ్లూ తమ డబ్బాలు వాడిముందు పెట్టి ఎవరికి ఎలా కావాలో చెప్పేవాళ్లు. ఒకరికి సర్వపిండికి బియ్యం కొంచెం బరకగా, ఒకరికి మురుకులకు మెత్తగా, ఒకరికి గోధుమల్లో గుప్పెడు శనగలు కలిపి, ఒకరికి జొన్నలు రెండుసార్లు పట్టించి, ఒకరికి మిరపకాయలు. కాగితం లేదు. డబ్బాల మీద పేర్లు లేవు. సగం డబ్బాలు ఒకేలాంటి డాల్డా డబ్బాలు. వాడు వాటిని కిరాయి సైకిల్ మీద రెండు విడతలుగా తీసుకుపోయి, ఎవరింట్లో చుట్టాలున్నారో వాళ్లది ముందు పట్టించి, జొన్నలు గోధుమల తర్వాత పెట్టి, మిరపకాయలు అన్నింటికన్నా ఆఖర్న వేయించేవాడు. మిరపకాయలు పట్టాక గిర్నిలో గుప్పెడు నూకలు పోయించి ఆ ఘాటు కడిగించేవాడు, మర్నాడు వచ్చేవాళ్ల పిండి మండకూడదని. వెచ్చటి పిండి వాసనతో, కనురెప్పలు తెల్లబడి తిరిగొచ్చి, ఏ డబ్బా ఏ గడప ముందు పెట్టాలో అక్కడ పెట్టేవాడు. ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. సుబ్బలక్ష్మిగారు ఒకసారి నాతో, "మీ తమ్ముడికి ఎంత తెలివే అమ్మాయ్. మా ఆయనకి రెండు వస్తువులు చెప్తే ఒకటి మర్చిపోయొస్తారు" అన్నారు. నేను పకపకా నవ్వాను. వాడికి ఏడో ఎక్కం రాదండీ అన్నాను.

పంజాగుట్టలో ఒక పెద్దాయన పిల్లల బుద్ధిని పరీక్ష చేసి కాగితం ఇస్తాడని నాయినకు ఆఫీసులో ఎవరో చెప్పారు. ఏవో పెద్ద చదువులు చదివి వచ్చినాయన. ఆఫీసర్ల పిల్లలందరూ అక్కడికే వెళ్తున్నారట. నాయిన నన్ను తీసుకెళ్లడానికి ఉతికిన గౌను వేయించాడు. వచ్చేటప్పుడు మార్కెట్టులో చింతపండు తెమ్మని అమ్మ మల్లేశాన్ని మా వెంట పంపింది. నా పరీక్ష అయిపోయాక ఆయన తలుపు దగ్గర సంచితో నిలబడ్డ వాణ్ణి చూసి, ఈ అబ్బాయినీ చూద్దాం రండి అన్నాడు. గదిలో ఫ్యాను తిరుగుతోంది, బల్ల మీద రంగు దిమ్మెలు, ఒక గడియారం ఉన్నాయి. నేను అక్కడే బెంచీ మీద కూర్చున్నాను, నాయిన నా పక్కన నిలబడ్డాడు.

"నేను కొన్ని అంకెలు చెప్తాను, వెనకనుంచి చెప్పు బాబూ. నాలుగు, తొమ్మిది, రెండు, ఏడు" అన్నాడాయన.

"నాలుగు ఎవరియి సార్?" అన్నాడు మల్లేశం.

ఆయన నవ్వి మళ్లీ చెప్పాడు. వాడు మళ్లీ అదే అడిగాడు. నాలుగు ఏమిటి, సేర్లా, డబ్బాలా, ఎవరింటివి అన్నది వాడికి కావాలి. మనిషి లేని అంకె వాడి బుర్రలో నిలబడదు. అది వాడి తెలివి పనిచేసే పద్ధతి. ఒక మొహం, ఒక గడప, ఒక అలవాటు చూపిస్తే దానికి పది విషయాలు తగిలించి వారం రోజులు మోస్తాడు. ఈ సంగతి నాకిప్పుడు తెలుసు. చదువుకున్న ఆ పెద్దమనిషికి అప్పుడు తెలియాలి. తెలియలేదు. ఆయన నాయినవైపు తిరిగి, ఇంటిదగ్గర కూడా ఇంతేనా అని అడిగాడు. నాయిన సిగ్గుతో నావైపు చూశాడు. నేను లేచి నిలబడి, బడిలో అప్పజెప్పినట్టు గట్టిగా, "మా తమ్మునికి ఏం రాదు సార్. మొదటిసంది అంతే" అన్నాను. నా కాగితంలో అధిక ప్రజ్ఞ అని, వాడి కాగితంలో మందబుద్ధి అని రాశాడు. తిరిగొచ్చేటప్పుడు నాయిన ఆ రెండు కాగితాలూ మడిచి జేబులో పెట్టుకుని ముందు నడిచాడు. చింతపండు కొనడం ఆయనా మర్చిపోయాడు, నేనూ మర్చిపోయాను. మల్లేశమే మార్కెట్టు దాటబోతుంటే ఆగి, వెనక్కి ఉరికి తెచ్చాడు.

ఆ కాగితాన్ని నాయిన దేవుడి రాత లాగా నమ్మాడు. ఏడాది చివర వాణ్ణి బడి మాన్పించి, అమీర్‌పేట చౌరస్తాలో ఒక హోటల్లో గ్లాసులు కడగడానికి పెట్టాడు. మా అమ్మ జీవితంలో ఒక్కసారే నాయిన మీద గొంతు లేపింది. పొయ్యి మీద నుంచి గిన్నె దించి నేలకేసి కొట్టి, "వాడు లేకుంటే ఈ ఎన్మిది ఇండ్లల్ల ఏం ఉడుకుతదో ఎరుకనా నీకు? కాగితం చూసి పిలగాన్ని కూలికి తోలుతవా?" అంది. నాయిన చొక్కా వేసుకుని బయటికి పోయాడు. నేను హోంవర్కు చేసుకుంటున్నాను. నా దగ్గరికి వచ్చి నువ్వన్నా చెప్పవే నాయినకు, నీ మాట ఇంటడు అంది అమ్మ. నేను తల ఎత్తలేదు. అమ్మ మీద నాకు విసుగొచ్చింది, చదువుకోనిదానికి ఏం తెలుసులే అనుకున్నాను. ఇప్పుడు ఆనాటి నన్ను నేను చూస్తే చెంప పగలగొడతాను. పదేళ్ల పిల్లకు ఏం తెలుస్తుందని నన్ను నేను ఓదార్చుకునే వీలు కూడా లేదు, ఎందుకంటే ఇరవై ఏళ్లకు కూడా నేను అదే పని చేశాను.

కాలేజీలో ఉన్నప్పుడు అయిదుగురు స్నేహితురాళ్లతో ఆ హోటలుకు వెళ్లాను. వాడు అక్కడ సర్వరుగా ఉన్నాడని తెలియక కాదు, ఆ పూట ఉండడనుకున్నాను. వాడే వచ్చాడు. భుజం మీద తుండు, చేతిలో నీళ్ల గ్లాసులు. నేను గోడ మీది ధరల బోర్డు చదువుతూ కూర్చున్నాను. వాడికి ఒక్క చూపు చాలు. పరాయివాళ్లను అడిగినట్టే అందర్నీ ఏం కావాలని అడిగాడు. నన్ను మాత్రం అడగలేదు. లోపలికి తిరిగి అయిదు రకాలు వరసగా చెప్పి, "ఒకటి ఉప్మా, ఉల్లిగడ్డ లేకుంట" అన్నాడు. నాకు చిన్నప్పటినుంచి ఉల్లిగడ్డ పడదు. నీకు ఉల్లి పడదని వాడికెలా తెలుసే అని ఒకమ్మాయి అడిగింది. ఎవరో అనుకుని ఉంటాడులే అన్నాను. వాడు విన్నాడు. ప్లేటు తెచ్చి నా ముందు చప్పుడు కాకుండా పెట్టి వెళ్లాడు. ఆ తర్వాత నేను పట్టాలు తీసుకుని, ఉద్యోగం తెచ్చుకుని, స్మృతి ఎన్ని రకాలో నల్లబల్ల మీద రాయడం మొదలుపెట్టాను.

మొన్న ఆసుపత్రికి వెళ్తూ అమీర్‌పేట మీదుగా ఆటోలో పోతుంటే గోడలన్నీ చదివాను. ఏ స్తంభం చూసినా, ఏ షట్టరు చూసినా కాగితాలే. నలభై అయిదు రోజుల్లో కోర్సు, మొదటిరోజు ఉచితం, బుర్రను పదును పెడతాం, మీ పిల్లల జ్ఞాపకశక్తిని రెట్టింపు చేస్తాం. మెట్లమీద నిలబడి పాతికేళ్ల పిల్లలు ఎవరో రాసిన జవాబుల్ని బట్టీ పడుతున్నారు. మా నాయిన బతికుంటే ఈ వీధిని చూసి చేతులు జోడించేవాడు. ఎనిమిది వాటాల ఇల్లున్న చోట ఇప్పుడు ఆరంతస్తుల కోచింగ్ భవనం. ఆ రోజుల్లో ఒక్కడు పంజాగుట్టలో కూర్చుని పిల్లల్ని రెండు కుప్పలుగా పోసేవాడు. ఇప్పుడు ఊరంతా అదే పని, చిన్నపిల్లల్ని కూడా వదలడం లేదు. మార్పు వచ్చిందంటారు జనం. నాకు మాత్రం కొత్తగా రంగు వేసిన అదే గది కనిపించింది.

పరీక్ష అయ్యాక డాక్టరు దగ్గరికి పంపారు. నలభై ఏళ్లుంటాయేమో, కోస్తా యాస, అలసిపోయిన మొహం. కాగితం చూసి లోపం ఎక్కువగానే కనిపిస్తోంది అన్నారు ఆవిడ. శ్రీకాంత్ తల దించుకున్నాడు. అప్పుడు నేను లేచాను. మీ పరీక్ష చదువును కొలుస్తోంది, బుద్ధిని కాదు అన్నాను. పెన్ను పట్టుకోని మనిషిని గడియారం గీయమంటే ఏం గీస్తాడు, మూడు మాటల్ని గాల్లో వదిలేసి పట్టుకోమంటే ఎలా పట్టుకుంటాడు, ఈ సబ్జెక్టు నేనూ చెప్పాను, నాకు చెప్పకండి అని గొంతు చించుకున్నాను. బయట కూర్చున్నవాళ్లు తొంగిచూశారు. ఆవిడ నన్ను పూర్తిగా మాట్లాడనిచ్చారు.

"మీరు చెప్పింది నిజమే మేడమ్. అందుకే ఇంట్లోవాళ్లనీ అడుగుతాం. ముందు ఆయన ఎలా ఉండేవారు? ఇప్పుడు తగ్గిందా? మీరు చెప్పండి" అన్నారు.

నేను మళ్లీ కూర్చున్నాను. ముందు ఎలా ఉండేవాడు? నాకేం తెలుసు? వాడుండే సందులోనే ఉంటూ వాడి సెంటర్లో కూర్చుని నేను టిఫిను తిని పదేళ్లయింది. ఒక వారం దగ్గరుండి చూసి వచ్చి చెప్పండి, అప్పటిదాకా నేనేమీ రాయను అన్నారావిడ.

వారం రోజులు రెండు పూటలా మల్లేశం సెంటర్లో మూల బల్ల దగ్గర కూర్చున్నాను. పొయ్యి దగ్గర సత్యమ్మ అనే ఆమె దోసెలు పోస్తుంది. నోటుపుస్తకం తెరిచి ఎవరు ఏం అడిగారు, వాడు ఏం చెప్పాడు, ఏం తెచ్చాడు అని గళ్లు గీసి రాశాను. మొదటి రెండు రోజులు నా కోపం గెలుస్తున్నట్టే ఉంది. "కిటికీ పక్క బిడ్డకు సాదా, నూనె తక్వ. ఎర్ర టీషర్టుకు రెండు ఇడ్లి, చట్నీ ఏరే గిన్నెల. గా పొడుగు పిలగానికి పెసరట్టు, అల్లం వద్దు, నిన్న కడుపు నొచ్చిందన్నడు" అని వాడు చెప్తుంటే, ఆసుపత్రిలోని ఆ కాగితాన్ని తీసుకొచ్చి ఆ దోసె పెనం మీద వెయ్యాలనిపించింది. మూడోరోజు ఒక గడి తేడా వచ్చింది. నాలుగోరోజు అయిదు గళ్లు. కానీ ఎవరూ వాణ్ణి పిలవలేదు, ఎవరి ముందూ తప్పు ప్లేటు లేదు. నేనే తప్పు రాసుకున్నాననుకున్నాను. అయిదోరోజు రాయడం మానేసి కళ్లు పెట్టి చూశాను. మల్లేశం ప్లేట్లు పెట్టి వెనక్కి తిరగగానే ఆడపిల్లలు బల్ల మీద ప్లేట్లు జరుపుకుంటున్నారు. వడ అటు, ఉప్మా ఇటు. ఒక్క మాట లేదు. పక్క బల్ల పిల్లవాడు లేచి తన పెసరట్టు ఇచ్చి దోసె తీసుకెళ్లాడు.

నా పక్కన కూర్చున్న పిల్లను అడిగాను. గుంటూరు వైపు అమ్మాయి, మూడేళ్లుగా అక్కడే తింటోంది.

"ఆర్నెల్ల నుంచీ ఇంతేనండి. మొదట్లో అడిగేవాళ్లం. బాబాయ్ మొహం చిన్నబోయేది. అందుకని అందరం అనుకుని మార్చేసుకుంటున్నాం. ఆయనకి చెప్పకండి ఆంటీ, ప్లీజ్."

నేను వెంటనే లేచి బయటికి వచ్చి నిలబడ్డాను. ఆసుపత్రి నుంచి పళ్లు నూరుకుంటూ మోసుకొచ్చిన కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పరీక్ష తప్పు. కానీ రోగం నిజం. వాడి దగ్గర ఉందని ఏ కాగితమూ ఒప్పుకోనిది, ఇప్పుడు వాడి దగ్గర్నుంచి పోతోంది. ఉన్నప్పుడు లెక్కలోకి తీసుకోనివాళ్లు పోయినప్పుడు మాత్రం కొలబద్ద పట్టుకొచ్చారు. వాళ్లలో నేనూ ఉన్నాను.

జనం తగ్గాక మల్లేశం రెండు టీలు తెచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఇన్ని రోజులుగా ఏం రాస్తున్నావని అడగలేదు. నేనే మొదలుపెట్టాను. ఎలా చెప్పాలో తెలియక, పిల్లలు మంచోళ్లు అన్నాను.

"ప్లేట్లు మార్చుకుంటరు, గదేనా?" అన్నాడు. "ఎరుకనే అక్క. గా సత్యమ్మ పెనం పక్కకెల్లి చూస్త రోజు. ఎవరు ఎవరితోని మార్చిండ్రో చూసుకుంట. రేపటికి గట్ల సరిచేసుకుంట. కిటికీ పక్క బిడ్డ నిన్న మూడుసార్లు మార్చింది. ఇయ్యాల ఒక్కసారే."

"మరి వాళ్లకు ఎందుకు చెప్పలే?"

"నాకు తెల్వదనుకుని సంబురపడుతున్నరు. ఎందుకు చెడగొట్టాలె?" అని టీ తాగాడు. "పొయ్యి ముచ్చట మాత్రం జర భయమైతుంది. సత్యమ్మ ఉండంగ నేను ముట్టుకోను. శ్రీకాంత్‌కు చెప్పు. కొంపల్లిల నాకు ఎవరు ఎరుక? ఆడ ఒక్క మొగం గుర్తుండదు. ఈడ నుంచి తీస్కపోతే నేను మొత్తం పోత."

తెలివి అంటే ఏమిటో నేను ముప్పై ఏళ్లు నిర్వచనాలు చెప్పాను. తన బుద్ధి జారిపోతోందని గ్రహించి, ఎక్కడెక్కడ జారుతోందో ఎదుటివాళ్ల చేతుల కదలికల్లోంచి పట్టుకుని, మర్నాటికి సవరించుకుని, పైగా వాళ్ల మనసు నొప్పించకుండా దాచుకున్న మనిషి నా ఎదురుగా టీ తాగుతున్నాడు. ఏడవాలనిపించింది. ఏడిస్తే వాడే నన్ను ఓదారుస్తాడని కోపమొచ్చి ఏడవలేదు.

వారం కాగానే ముగ్గురం మళ్లీ సోమాజిగూడ వెళ్లాం. మల్లేశాన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, శ్రీకాంత్‌నూ నన్నూ లోపలికి పిలిచారు డాక్టరు. ముందు ఎలా ఉండేవారు అని అడిగారు. ఈసారి చెప్పాను. గిర్ని గురించి చెప్పాను. పేర్లు లేని డాల్డా డబ్బాల గురించి, మిరపకాయల తర్వాత పోయించిన నూకల గురించి, ఒక్క చూపులో అయిదుగురి మాటలు మోసుకెళ్లి ఆరోదాన్ని అడగకుండానే చెప్పిన రోజు గురించి చెప్పాను. ఆరోది నేనేనని కూడా చెప్పాను. శ్రీకాంత్ నోరు తెరుచుకుని వింటున్నాడు. వాళ్ల నాయిన గురించి ఇవేవీ వాడికి ఎవరూ చెప్పలేదు. డాక్టరు పెన్ను ఆపకుండా రాసుకున్నారు. బయట మనుషులు ఎదురుచూస్తున్నా నన్ను తొందరపెట్టలేదు. అంతా అయ్యాక, "మరి ఇప్పుడు తగ్గిందా మేడమ్?" అన్నారు.

"తగ్గింది" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. వాడి బుద్ధి గురించి నేను నోరు విప్పి చెప్పిన మొదటి మంచి మాట, అది పోతోందని రాసుకోవడానికి పనికొచ్చింది.

డాక్టరు శ్రీకాంత్‌తో ఆ చోటు నుంచి ఆయన్ని కదిలించొద్దని, పొయ్యి మాత్రం ముట్టనివ్వొద్దని, మెట్రో దాకా ఒంటరిగా పంపొద్దని చెప్పారు. తెలిసిన మొహాల మధ్య ఉంటేనే ఆయనకు ఎక్కువకాలం నిలబడుతుందన్నారు. మందులు రాసిచ్చారు. శ్రీకాంత్ కళ్లు తుడుచుకుని, సరే మేడం, సెంటరు మూయను అన్నాడు. మందులు తేవడానికి కిందికి వెళ్లాడు.

నేను బయటికొచ్చేసరికి మల్లేశం బెంచీ మీద నుంచి లేచాడు. సెంటరు ఉంటుందని చెప్పాను. తల ఊపాడు. లిఫ్టు వైపు నడుస్తూ, "గంతసేపు ఏం చెప్పినవక్క లోపల?" అని అడిగాడు.

"నువ్వు మస్తు తెలివిగలోనివని చెప్పిన. చిన్నప్పటిసంది" అన్నాను.

వాడు ఆగాడు. నా మొహంలోకి చూశాడు. నవ్వలేదు.

"గిప్పుడా?" అన్నాడు.